బోర్లించిన బిందె

జూన్, శనివారం. బెంగళూరు పక్క యలహంక.

పొద్దున్నే పెద్దమ్మ హిందూపురం నుంచి దిగింది. సంచిలో ఉలవలు, చింతపండు, అడుగున పాత గుడ్డలో చుట్టిన గొట్టం. కడుపు మీద ఆనించి బిడ్డ గుండె వినేది. "గంగను తీసుకుపోయేది స్కానింగుకు కదా, ఇదెందుకు?" అన్నా. "కరెంటు పోతే?" అంది. పెనుకొండ పక్క సబ్‌సెంటర్‌లో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లో పురుళ్లు చూసే నర్సుగా, చేసిన మనిషి. వాదించి గెలవలేం.

గంగది పెద్దమ్మ వాళ్ల ఊరే. పుట్టినప్పుడు పురుడు పోసిందీ పెద్దమ్మే. ఇప్పుడు మొగుడితో కలిసి ఇక్కడ అపార్ట్‌మెంట్ కట్టే పనిలో ఉంది, రేకుల షెడ్డులో కాపురం. "ముట్టు ఎప్పుడొచ్చింది?" అంటే తేదీ తెలీదు. "సంక్రాంతి అయిన వారానికమ్మా" అంది. పెద్దమ్మ మంచం మీద పడుకోబెట్టి కడుపు తడిమింది. బొడ్డు దగ్గర వేళ్లు ఆగాయి. "అయిదు నెలలు నిండొచ్చినాయి." తరవాత స్కానింగులో వచ్చింది పంతొమ్మిది వారాల నాలుగు రోజులు! పెద్దమ్మ మొహం చూడాలి అప్పుడు.

సెంటర్‌లో రెండు గంటలు కూర్చున్నాం. గోడ మీద కన్నడంలో, ఇంగ్లీషులో బోర్డు: ఇక్కడ లింగ నిర్ధారణ చేయం. ఆడో మగో తెలుసుకోవాలని లేదంటూ ఫారం మీద గంగ చేత సంతకం పెట్టించుకున్నారు. ఏం రాసుందో ఆమెకు చదివి చెప్పింది నేనే. లోపల పది నిమిషాలు. డాక్టరు కన్నడంలో ఏదో అని, కాగితం చేతికిచ్చి, తరవాతివాళ్లను పిలిచాడు. ఆయన్నీ అనలేం, బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు.

కాగితంలో ఒక్క వాక్యం: మాయ (కడుపులో బిడ్డను పోషించే ప్లాసెంటా) బాగా కిందకి ఉంది.

ఆ మాట చెప్పగానే పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆటోలో నాకొక్కదానికే వినపడేలా చెప్పింది. చాలా ఏళ్ల కిందట ఒకామెకు ఎనిమిదో నెలలో నొప్పి లేకుండా రక్తం పోయిందట. అట్లా పోయేటప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడొద్దని ట్రైనింగులో చెప్పారు కాబట్టి పెట్టలేదు. ట్రాక్టర్‌లో పెనుకొండకు పంపింది. దోవలోనే అయిపోయింది. "నా చేతులకు బిడ్డ తల తెలుస్తాది, ఎదురుకాళ్లు తెలుస్తాది. మాయ యాడుందో ఎట్ల తెలుస్తాది?"

సోమవారం మా నర్సింగ్ పిల్లలకు నేను చెప్పాల్సిన పాఠం కూడా ఇదే. 24 వారాల లోపు ప్రతి గర్భిణికీ ఒక స్కానింగ్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మరి రేడియాలజిస్టులు లేని చోట ఎవరు చేయాలి? కాంగో, కెన్యా, జాంబియా, పాకిస్తాన్, గ్వాటెమాలాల్లో 'ఫస్ట్ లుక్' అని ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మంత్రసానులకూ నర్సులకూ రెండు వారాల శిక్షణ ఇచ్చి, ఆ తరవాత కొన్నాళ్లు పక్కనుండి చేయించి, మిషన్లు అప్పగించారు. వాళ్లు బాగానే చేశారు. కానీ 2018లో ఫలితాలొచ్చేసరికి తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు, పరీక్షలకు వచ్చేవాళ్లూ పెరగలేదు. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. చూడ్డం వచ్చాక కూడా ఎందుకు తగ్గలేదని. ట్రాక్టర్ కథ విన్నాక అంత వింతగా అనిపించలేదు. మాయ కిందుందని ముందే తెలిసినా, ఆ రోజు దోవ అంతే దూరం కదా.

మన దగ్గర నర్సు చేతికి ఆ ప్రోబ్, అంటే స్కానింగులో కడుపు మీద ఆనించేది, రాదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే చేయాలి. ఆడపిల్లల్ని కడుపులోనే తీసేయకుండా పెట్టిన కట్టడి. అన్యాయం కదా అని పెద్దమ్మను రెచ్చగొట్టబోయా. "ఏం అన్యాయం? నా చేతిలో మిషన్ పెట్టుంటే మొదటిరోజే ఊరి పెద్దమనుషులు వచ్చి కూర్చునేవాళ్లు, మగబిడ్డేనా అని" అంది. ఆ కోణం నా పాఠంలో లేదు. రాసుకున్నా.

ఇంటికొచ్చాక పెద్దమ్మ వంటింట్లోంచి స్టీలు బిందె తెచ్చి గంగ ముందు బోర్లించింది. "ఇది నీ గర్భసంచి. మూతి కింద ఉంది. మాయ ఈ మూతి దగ్గర కూచోనుంది. కడుపు పెరిగేకొద్దీ పైకి జరుగుతాది, చానామందికి అట్లే. సెప్టెంబరు మొదట్లో మళ్లా చూపిచ్చుకో. జరగలేదంటే ఆపరేషన్ చేసి తీస్తారు, భయం లేదు. రక్తం కనపడిందా, నొప్పి లేకపోయినా సరే, ఆ గడియే ఆస్పత్రికి పో. ఎవురికీ చెప్పకుండా పడుకుంటే నా మీద ఒట్టు." గంగ బిందె మూతిని వేలితో తాకి చూసింది. పొద్దున్నించీ ఆ పిల్ల ఒక ప్రశ్న అడగడం అప్పుడే: "ఇప్పుడు బిడ్డకు ఊపిరాడుతాందా?" పెద్దమ్మ గొట్టం తీసింది. ఇంకా ఇరవై వారాలు నిండలేదు గనక గొట్టంలో ఏమీ వినపడదేమోనని నేను గొణిగా. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

రాత్రి తొమ్మిదింటికి గంగ ఫోన్. "అక్కా, రేపు ఇటుకలు మూడో అంతస్తుకు ఎత్తల్ల. ఎత్తొచ్చా?"

పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "వద్దు. మేస్త్రీ నంబరు ఇయ్యి."