గేర్‌బాక్స్ దించే ముందు ఒక్కసారి వినండి

పాత కారులో ముందు వైపు నుంచి ఏ మోత వచ్చినా దానిని గేర్‌బాక్స్ మీదకు నెట్టడం మన షెడ్లలో తరచుగా చూస్తాం. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఇంజను, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే భాగం), యాక్సిల్ షాఫ్టులు (చక్రాలకు శక్తినందించే కడ్డీలు), చక్రాల బేరింగులు అన్నీ ఒకేచోట ఇరుక్కుని ఉంటాయి కనుక, ఒకదాని చప్పుడు మరొకదానిదిగా వినిపించడం సహజమే. అందుకే శబ్దం ఎక్కడిదో ఊహించే ముందు, అది ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో ఓపికగా గమనించాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా బాబాయి ఇటీవల కొన్న పాత కారులో 50 కిలోమీటర్ల వేగం దాటగానే గుయ్యిమని మోత మొదలై, వేగంతో పాటు పెరిగేది. మలుపుల్లో టకటకమనే చప్పుడు వేరే. చూపించిన షెడ్డులో గేర్‌బాక్స్ బేరింగులు పోయాయని, విప్పక తప్పదని చెప్పారు.

ముందుగా బండిని నిలిపి, ఇంజను నడుస్తుండగా న్యూట్రల్‌లో ఉంచి విన్నాను. క్లచ్ వదిలినప్పుడు వచ్చే గరగర పెడల్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజను శక్తిని గేర్‌బాక్సులోకి తెచ్చే కడ్డీ) బేరింగును, తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగును అనుమానించాలి. ఇక్కడ రెండూ లేవు. తరువాత ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ నడిపితే మోతలో తేడా రాలేదు. అంటే అది ఇంజను వేగాన్ని గానీ ఫలానా గేరు పళ్లను గానీ అనుసరించడం లేదు. ఇంజను ఆపకుండా న్యూట్రల్‌లోకి తెచ్చినా మోత అలాగే ఉంది. అయితే ఇంతటితో గేర్‌బాక్సుకు దోషం లేదని తేల్చకూడదు, ఎందుకంటే న్యూట్రల్‌లో కూడా చక్రాలతో పాటు డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ నుంచి శక్తిని బయటకు పంపే అవుట్‌పుట్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటాయి.

తేల్చి చెప్పేది స్టీరింగు. వెనుక వాహనాలేవీ లేనప్పుడు, అదే వేగంలో బండిని కొద్దిగా ఎడమకు మళ్లిస్తే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడి బేరింగు మీదకే వెళుతుంది. బాబాయి కారులో సరిగ్గా అదే జరిగింది. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డుకు మారగానే మోత స్వభావం మారితే టైర్లను అనుమానించవచ్చు గానీ, ఇక్కడ మార్పేమీ కనబడలేదు. చివరకు జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, సస్పెన్షన్ స్ప్రింగు మీద ఒక చేయి ఆనించి మరో చేత్తో చక్రాన్ని తిప్పితే, కుడి వైపు స్ప్రింగులో గరగర వేళ్లకు స్పష్టంగా తెలిసింది, ఎడమ వైపు నిశ్శబ్దంగా తిరిగింది.

బేరింగు మార్చేటప్పుడు దానిని ప్రెస్ మెషీను మీదే ఎక్కించమని పట్టుబట్టాను. సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్త బేరింగు లోపలి దారుల్లో గుంటలు పడి, కొద్ది కాలానికే అదే మోత తిరిగి వస్తుంది.

టకటకమనే చప్పుడుకు ఇంత శోధన అవసరం కాలేదు. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అది వస్తోంది, చక్రం లోపలి అంచుకు గ్రీజు చిమ్మి ఉంది, యాక్సిల్ బయటి జాయింటు రబ్బరు బూటు చిరిగి దుమ్ము చేరింది. బూటు చిరిగిన తొలి రోజుల్లోనే మార్చి ఉంటే జాయింటు బతికేది. స్పీడ్ బ్రేకర్ల మీద లటక్కుమనే చప్పుడు అయితే సస్పెన్షన్ భాగాలైన లింక్ రాడ్డు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి, అవి బాగానే ఉన్నాయి.

గేర్‌బాక్సుకు చేసిందల్లా ఆయిలు మార్చడమే. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే, లోహపు పెచ్చులు కనబడితేనే భయపడాలి. కొత్త ఆయిలు కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించాము. జీఎల్-4 (గేరు ఆయిలులో ఒక రకం) అడిగిన చోట దొరికిన జీఎల్-5 పోస్తే, కొన్ని ఆయిళ్లలోని గంధక రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను (గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపే వలయాలను) దెబ్బతీయవచ్చు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త గట్టిగా పడటం మాత్రం పోలేదు. బండి వేడెక్కాక అది సర్దుకుంటోంది కనుక, ప్రస్తుతానికి విప్పవద్దనే బాబాయికి చెప్పాను.