పక్క నుంచి చూసిన బొమ్మ

ఈ రోజు మూడు గ్యాలరీలు తిరిగాను. కాళ్లు పీకుతున్నాయి, అయినా పడుకునే ముందు రాసేయాలి. రేపటికి రంగులు గుర్తుంటాయి గానీ వాటి ముందు నిలబడ్డప్పుడు ఏమనిపించిందో గుర్తుండదు.

వెళ్లేటప్పుడే ఒకటి అనుకున్నాను. ముందు బొమ్మ చూడాలి, ఆ తర్వాతే పక్కనున్న లేబుల్ చదవాలి. చెప్పినంత తేలిక కాదిది. గదిలోకి అడుగు పెట్టగానే కళ్లు అక్షరాల మీదికే పోతాయి. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, దేంతో వేశారు... అవి చదివేశామంటే ఇక బొమ్మలో వాటినే వెతుక్కుంటూ ఉంటాం.

మొదటి గ్యాలరీలో గది నిండా పాత తలుపులు, వాటికి వేలాడదీసిన తాళంచెవులు. గోడ మీద చాంతాడంత రాత. చదువుతుంటే నిజంగానే బాగుంది. తిరిగి గదిలోకి చూస్తే మాత్రం తలుపులు తలుపుల్లాగే ఉన్నాయి. ఆలోచన గోడ మీదే ఆగిపోయింది, వస్తువుల్లోకి దిగలేదు. ఆలోచనతో నడిచే కళంటే నాకు చాలా ఇష్టం, అందుకే బాధేసింది. అమెరికన్ కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో రంగు కాగితాలు చుట్టిన మిఠాయిలను గది మూలన కుప్పగా పోయించాడు. కుప్ప బరువు 175 పౌండ్లు ఉండాలన్నాడు, అంటే దాదాపు 79 కిలోలు. చూడ్డానికొచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకోవచ్చు. ఆ ఏడాదే ఎయిడ్స్‌తో పోయిన తన సహచరుడు రాస్ చిత్తరువు అది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకుంటుంటే కుప్ప తరుగుతుంది, మనిషి చిక్కిపోయినట్టే. మళ్లీ నింపుతారు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

రెండోదాంట్లో అన్నీ వీడియోలే. పక్క గది చప్పుడు ఈ గదిలోకి వస్తుంటే దేని మీదా మనసు నిలవలేదు. సరిగ్గా చూడలేదు కాబట్టి వాటి గురించి ఏమీ అనను.

మూడోదాంట్లో ఒక్క కాన్వాస్ దగ్గరే నలభై నిమిషాలు ఉండిపోయాను. నా ఎత్తు కంటే పెద్దది, లేత బూడిదరంగు, దాని మీద అడ్డంగా పెన్సిల్ గీతలు. ఇదే బొమ్మను ఫోన్‌లో ఇంతకుముందు చూశాను. అప్పుడు స్కేలు పెట్టి గీసేసిన చదునైన బొమ్మలా అనిపించి దాటేశాను. ఎదురుగా నిలబడితే అది వేరే బొమ్మ. పెన్సిల్ మొన గుడ్డ నేతలో పడుతూ లేస్తూ పోయింది. గుడ్డ పోగు పైకి లేచినచోట గీత నల్లగా ఉంది, పల్లంలో తెగిపోయింది. మొన అరిగేకొద్దీ గీత లావెక్కింది, చెక్కాక మళ్లీ సన్నబడింది. చెయ్యి చాపినంత దూరం పోయాక ఒకచోట ఆగి, ఒక జానెడు పక్కకు జరిగి మళ్లీ మొదలైన అతుకు కూడా కనిపించింది.

తర్వాత గోడకు దగ్గరగా వెళ్లి పక్క నుంచి చూశాను. బొమ్మ వేసేవాళ్లకు ఈ అలవాటు ఉంటుంది, అంచు అన్నీ చెప్పేస్తుంది. కాన్వాస్ మడిచిన చోట ముందు పసుపు, దాని మీద ఆకుపచ్చ, ఆ పైన బూడిదరంగు కారి ఎండిపోయి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే ప్రశాంతంగా ఉన్న ఆ బూడిదరంగు కింద ఇన్ని రంగులున్నాయి. లేత వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది.

అమెరికన్ చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ గుర్తొచ్చింది. ఆమె ఏళ్ల తరబడి ఆరడుగుల చదరాల మీదే పెన్సిల్ గీతలతో బొమ్మలు వేసింది. ఎనభై దాటాక, 1990లలో, వాటిని ఒంటరిగా మోయలేక ఐదడుగులకు తగ్గించింది. కొలత కూడా ఒంటి నుంచే వస్తుందన్నమాట. ఫోన్ తెర మీద ఆరడుగులకూ ఐదడుగులకూ తేడా ఏముంటుంది?

ఒక పెద్ద మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మను ఎంతసేపు చూస్తారో లెక్కకట్టి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటున 27 సెకన్లు వచ్చింది. ఆ కాన్వాస్ ముందు మొదటి 27 సెకన్లలో నాకు బూడిదరంగు తప్ప ఏమీ కనిపించలేదు. పెన్సిల్ అతుకు కంటపడే సరికి పావుగంటైనా అయ్యుంటుంది. చివర్లో లేబుల్ చదివాను. పేరు, సంవత్సరం, ఆక్రిలిక్, గ్రాఫైట్. అంతే రాసి ఉంది, అది సరిపోయింది.

ఇంటికొచ్చి, గోడకు ఆనించి ఉన్న నా కాన్వాస్ ముందు కూర్చున్నాను. మూడు వారాలుగా దాని దగ్గరికి వెళ్లాలంటేనే టెన్షన్. గీతలు తిన్నగా రావాలని మాస్కింగ్ టేపు అంటించి వేస్తున్నాను, తిన్నగానే వచ్చాయి, కానీ ఏ గీతా నాది అనిపించడం లేదు. ఈ రాత్రి మిగిలిన టేపంతా ఒలిచేశాను. ఒకచోట నీలం రంగు, టేపు కిందికి పాకి చిన్న పన్నులా బయటికొచ్చింది. మామూలుగా అయితే వెంటనే తెల్లరంగుతో కప్పేసేదాన్ని. దాన్ని అలాగే ఉంచి, పెన్సిల్ చెక్కి కాన్వాస్ పక్కన పెట్టాను. పొద్దున్న వెలుతురు రాగానే ఆ పన్ను దగ్గర నుంచే మొదలుపెడతాను.