పెరటి ఇల్లు, వాననీరు, 19 లక్ష్యాలు: ఒరెగన్‌లో నా అనుభవం

ఒరెగన్ రాష్ట్రంలో విలమెట్ లోయలోని ఓ నగరంలో మా ఇల్లు. పెరట్లో అమ్మానాన్నల కోసం ఇంకో చిన్న ఇల్లు కడదామని దరఖాస్తు పెట్టాం. నగరం నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, ఆ కప్పు మీద పడే వాన ఎక్కడికి పోతుందని. కొత్త కప్పు, సిమెంటు నేల కలిపి ఓ హద్దు దాటితే వాననీటి నిబంధనలు వర్తిస్తాయి. మాది దాటింది.

నిబంధనల వరుస ఇది. నీటిని వీలైనంత వరకు మన నేలలోనే ఇంకించాలి. కుదరదని నిరూపిస్తేనే వీధి గొట్టంలోకి వదలనిస్తారు. అందుకు ముందు ఇంకుడు పరీక్ష చేయాలి. మోకాలి లోతు దాటేదాకా గొయ్యి తవ్వి, నీళ్లతో నింపి, మట్టి బాగా నానాక మళ్లీ నింపి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో టేపుతో కొలిచాను. పైన జేడిమట్టి బూటుకు అంటుకుని వదల్లేదు. అడుగున గులకరాళ్లు తగిలాక మాత్రం నీళ్లు కళ్లముందే దిగిపోయాయి. మా నేల ఇంకిస్తుందని తేలింది. అంటే ఇంకించాల్సిందే, గొట్టం మాట ఎత్తడానికి లేదు.

చిక్కు అక్కడే మొదలైంది. ఇంకుడు గుంత పునాదికి 10 అడుగులు, సరిహద్దుకు 5 అడుగులు దూరంగా ఉండాలి. పాత ఇంటి పునాది నుంచి, కొత్త ఇంటి పునాది నుంచి, కంచె నుంచి ఆ దూరాలు గీస్తే మిగిలింది సన్నటి పట్టీ. పెరట్లో రెండో ఇల్లు కట్టుకోమని ప్రోత్సహించేది ఈ నగరమే, ఆ పెరటిని వాననీటికి వదలమనేదీ ఈ నగరమే. ఇదేం లెక్క అని అసలు మూలం వెతకడం మొదలుపెట్టాను.

మూలం 1973లో ఉంది. టామ్ మెకాల్ గవర్నర్‌గా ఉండగా సెనేట్ బిల్లు 100 అనే భూ వినియోగ చట్టం వచ్చింది. దాని కిందే రాష్ట్రమంతటికీ భూ వినియోగ లక్ష్యాలు ఏర్పడ్డాయి; ఇప్పుడు మొత్తం 19. మా పెరటికి తగిలేవి కొన్నే. లక్ష్యం 14 ప్రకారం ప్రతి నగరానికీ ఓ ఎల్లగీత ఉంటుంది, పొలాల మీదికి ఊరు పాకకూడదు. లక్ష్యం 10 ప్రకారం జనానికి సరిపడా ఇళ్లకు ఆ గీత లోపలే చోటు చూపాలి. ఇళ్లు దగ్గరయ్యే కొద్దీ కప్పులు పెరుగుతాయి, నీరు తాగే నేల తగ్గుతుంది. ఆ నీరు నూనె, మట్టి మోసుకుని నదికి చేరకుండా చూడమనేది లక్ష్యం 6. వరదలు, కొండచరియల సంగతి లక్ష్యం 7ది. మురుగు కాలువలు, వాననీటి కాలువల వంటి సదుపాయాలు లక్ష్యం 11వి. పోర్ట్‌లాండ్‌లో మురుగు, వాన ఒకే గొట్టంలో కలిసి విలమెట్ నదిలోకి పొంగకుండా ఆపడానికి సుమారు 140 కోట్ల డాలర్లు పెట్టి భారీ సొరంగాలు తవ్వారు. 2011లో ఆ పని పూర్తయింది. ఆ ఖర్చు చూశాక నా గుంత మీద కోపం కొంత తగ్గింది.

అయినా లక్ష్యం 10ని ఉదహరిస్తూ మినహాయింపు అడిగాను. కౌంటర్‌లోని ఉద్యోగిని మర్యాదగానే చెప్పారు: "మీ పర్మిట్‌కు నేను చూసేది నగర నిబంధనలు. లక్ష్యాల చర్చ ఆ నిబంధన చేసేటప్పుడే అయిపోయింది." చట్టం కూడా అంతే. నగర సమగ్ర ప్రణాళికను, అంటే ఎక్కడ ఏం కట్టాలో చెప్పే పత్రాన్ని, రాష్ట్ర భూ వినియోగ కమిషన్ ఒకసారి ఆమోదించాక, విడివిడి పర్మిట్లకు లక్ష్యాలు నేరుగా వర్తించవు. నిబంధన మార్చేటప్పుడు మాత్రం నగరం తొలి బహిరంగ విచారణకు 35 రోజుల ముందు రాష్ట్ర భూ వినియోగ శాఖకు నోటీసివ్వాలి, మార్పు ఏ లక్ష్యానికి ఎలా పొసుగుతుందో రాసి చూపాలి. ఆ పత్రాలు చదవడానికి ఓపిక కావాలి. పొలాలు, అడవులు, సముద్రతీరం వంటి లక్ష్యాలు ఒక్కో వాక్యంతో ముగుస్తాయి: వర్తించదు. ఇళ్ల లక్ష్యం దగ్గరికి వచ్చేసరికి, వాననీటి ఏర్పాట్ల వల్ల నివాస భూమి తగ్గదని వాదిస్తారు. నగరం మొత్తం మీద అది నిజమే కావచ్చు, నా పెరట్లో మాత్రం కాదు.

ఒక్క విషయంలో ఆ నిబంధనలను మెచ్చుకుంటాను. ఇళ్లకు పెట్టే ప్రమాణాలు స్పష్టంగా, ఎవరు కొలిచినా ఒకేలా ఉండాలని రాష్ట్ర చట్టం అంటుంది. అందుకే "తగినంత దూరం" అని కాకుండా 10 అడుగులని ఉంది. అధికారి మనసు కరిగించే పని లేదు, టేపు చాలు. వరండాను కుదించి గుంతకు చోటు తెచ్చాం. పర్మిట్ వచ్చింది. గుంతను శుభ్రంగా ఉంచుతామన్న పత్రం కౌంటీ (జిల్లా లాంటిది) కార్యాలయంలో నమోదైంది. ఇల్లు అమ్మినా కొన్నవాళ్లకూ అది వర్తిస్తుంది.

నిబంధన మళ్లీ మార్చితే, విచారణలో నోటితోనో రాతతోనో పాల్గొన్నవారే భూ వినియోగ అప్పీళ్ల బోర్డుకు వెళ్లగలరు, గడువు 21 రోజులు. చిన్న స్థలాల్లో ఈ 10 అడుగుల దూరం ఎంత చోటు తింటుందో మా పెరటి కొలతలతో సహా ఓ కాగితం రాసి పెట్టుకున్నాను. విచారణ నోటీసు రాగానే నగరానికి ఇచ్చేస్తాను.