లింకు కాదు, దాచుకున్న మనిషిని పట్టుకోండి

సోషల్ బుక్‌మార్కింగ్ సైట్లోకి, అంటే నచ్చిన లింకుల్ని అందరికీ కనిపించేలా దాచుకునే సైట్లోకి వెళ్ళగానే చాలామంది చేసే మొదటి పని ‘పాపులర్’ పేజీ తెరవడం. కొత్త సైట్లు కావాలనుకునేవాళ్ళకి అక్కడ దొరికేది తక్కువ. వందలమంది దాచుకున్న లింకు ఎలాగూ ఏదో ఒక దారిన మీదాకా వస్తుంది. పదిమందే దాచుకున్నది రాదు, వెతుక్కోవాలి.

ఈ వెతుకులాటకి దారి వేసింది 2003లో వచ్చిన డెలీషియస్ అనే సైటు. లింకు పక్కన ఒక అంకె ఉండేది. దాన్ని నొక్కితే ఆ పేజీని ఇంకా ఎవరెవరు దాచుకున్నారో, ఏ ట్యాగులు (లింకు దేని గురించో చెప్పే చిన్న మాటలు) పెట్టారో కనిపించేది. డెలీషియస్ 2017లో అలాంటిదే అయిన పిన్‌బోర్డు అనే సైటు చేతికి వెళ్ళి ఆగిపోయింది కానీ, ఆ అంకె సదుపాయం పిన్‌బోర్డులోనూ ఉంది. ఆరీనా అనే సైట్లో అయితే ఒక లింకు ఎవరెవరి ఛానెళ్ళలో (సేకరణల్లో) చేరిందో చూపిస్తుంది. 2018లో మూతపడిన స్టంబుల్‌అపాన్‌ది వేరే పద్ధతి. బటన్ నొక్కితే ఏదో ఒక పేజీ వచ్చి పడేది. సరదాగానే ఉండేది, కానీ దాన్ని దాచిన మనిషి దగ్గరికి అలా చేరడం కష్టం.

మొదట మీకు బాగా నచ్చిన, పెద్దగా ఎవరికీ తెలియని పేజీ ఒకటి తీసుకోండి. ఐదు నుంచి యాభైమంది దాకా దాచుకున్నదైతే మంచిది. రెండువేలమంది దాచుకున్నదాన్ని బట్టి వాళ్ళ అభిరుచి గురించి ఏమీ తెలియదు. ఆ జాబితాలో ఒక్కొక్కరి పేజీ తెరిచి, మీరు ఇంతకుముందే ఇష్టపడ్డ లింకులు ఇంకో రెండు మూడు కనిపిస్తాయేమో చూడండి. కనిపిస్తే ఆ మనిషి మీకు పనికొస్తాడు. రోజుకి యాభై లింకులు పోసేవాళ్ళని వదిలేయండి. చాలావరకు అవి ఆటోమేటిక్‌గా చేరేవే, ఎవరూ చదివి దాచినవి కావు.

ఆ తర్వాత మనిషి మొత్తాన్ని కాకుండా, అతని ఒక్క ట్యాగుని ఫాలో అవ్వండి. పాత మ్యాపులు బాగా ఏరేవాడు క్రికెట్ లింకులు కూడా దాస్తాడు, అవి మీకెందుకు? పిన్‌బోర్డులో మనిషికీ ట్యాగుకీ కలిపి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్తగా చేరిన లింకుల్ని తెచ్చిచ్చే జాబితా) ఉంటుంది. దాన్ని ఫీడ్ రీడర్‌లో, అంటే అలాంటి ఫీడ్లన్నీ ఒకచోట చదువుకునే యాప్‌లో వేసుకుంటే సరి. పదిమంది చాలు. అంతకు మించితే చదవడం మానేసి పోగేయడం మొదలవుతుంది.

ట్యాగులతో ఒక చిక్కుంది. పిన్‌బోర్డులో ట్యాగు మధ్యలో ఖాళీ ఉండకూడదు. అందుకని ‘వెబ్ డిజైన్’ అని కొడితే రెండు ట్యాగులైపోతుంది. కొందరు కలిపేసి, కొందరు మధ్యలో గీత పెట్టి, కొందరు అండర్‌స్కోర్‌తో రాస్తారు. ఒక్క రూపంతో వెతికి ఏమీ లేదనుకోకండి, మూడూ చూడండి.

ఇంకో చిక్కు అడ్రసు తోకలది. న్యూస్‌లెటర్ నుంచి వచ్చిన లింకు చివర ప్రశ్నార్థకం తర్వాత ‘యూటీఎం’ (utm)తో మొదలయ్యే, మీరు ఎక్కణ్ణించి వచ్చారో చెప్పే చాంతాడు ఉంటుంది. అలాగే దాచితే సైటు దాన్ని వేరే పేజీగా లెక్కేసి, దాచుకున్నది మీరొక్కరే అని చూపించవచ్చు. తోక కోసేసి మళ్ళీ చూడండి, జాబితా బయటపడొచ్చు. అలాగని ప్రశ్నార్థకం తర్వాతిదంతా కోసేయకండి. యూట్యూబ్ లింకులో వీడియో గుర్తు ఉండేది అక్కడే.

పాత బుక్‌మార్కుల్లో చచ్చిన లింకులు బోలెడు. వాటిని పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వేసినప్పుడు అన్నిటికన్నా కొత్త కాపీ తెరవకండి. చాలాసార్లు సైటు అడ్రసు (డొమైన్) చేతులు మారాక వచ్చిన ప్రకటనల పేజీయే కనిపిస్తుంది. బుక్‌మార్కు పక్కనే తేదీ ఉంటుంది కదా, దానికి దగ్గర్లోని కాపీ తెరవండి. దాన్ని దాచిన మనిషి చూసిన పేజీ దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.