మొదటి నాలుగడుగుల నొప్పి

"మంచం దిగినాక మొదటి నాలుగడుగులేరా నొప్పి, ఆ తర్వాత కాలు దానంతటదే సర్దుకుంటది" అని అమ్మ వంటింట్లో ఎవరికో ఫోన్‌లో చెప్తోంది. పక్క గదిలో నేను సరిగ్గా ఆ మాట కోసమే అరగంట నుంచి తల పట్టుకుని కూర్చున్నా. ముందు ఒక జర్మన్ ఎముకల డాక్టరు రాసిన రిపోర్టు, అందులో ఆన్‌లౌఫ్‌ష్మెర్ట్స్ అని ఒకే ఒక్క పదం. ఆన్‌లౌఫ్ అంటే ఇంజన్ అందుకోవడం, ష్మెర్ట్స్ అంటే నొప్పి. చోక్ లాగితే గానీ కదలని పాత స్కూటర్ గుర్తుందా, మోకాలు అట్టా అయిందన్నమాట. ఇంగ్లీషులో దీనికి ఒక్క పదం కుదరక చివరికి "పెయిన్ ఆన్ ఇనీషియేటింగ్ మూవ్‌మెంట్ ఆఫ్టర్ రెస్ట్" అని రైలంత పొడుగు రాశా. అమ్మ చెప్పిందే బాగుంది.

నా పని ఇదే. చెన్నైలో జర్మన్ నేర్చుకున్నా, ఇప్పుడు కావలిలో ఇంట్లో కూర్చుని వైద్యం కాగితాలు జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి మారుస్తుంటా, ఎక్కువగా కీళ్లవే. కావల్లో కూర్చుని ఎక్కడో జర్మనీ మనిషి మోకాలి గురించి రాయడమేందని మా బాబాయి ఇప్పటికీ నవ్వుతాడు.

మొదట్లోనే ఒక దెబ్బ తిన్నా. గోన్‌ఆర్త్రోజె అని ఉంటే నేను హాయిగా "నీ ఆర్థ్రైటిస్", అంటే మోకాలి ఆర్థ్రైటిస్ అని కొట్టి పంపించేశా. రెండో రోజు ఫైలంతా ఎర్ర గీతలతో వెనక్కి వచ్చింది. విషయం ఏందంటే, జర్మన్ డాక్టరుకి ఆర్త్రోజె వేరు, ఆర్త్రీటిస్ వేరు. ఆర్త్రోజె అంటే అరుగుదల, మనవాళ్లు "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అంటారే, అది. ఆర్త్రీటిస్ అంటే లోపల మంట, వాపు. ఇంగ్లీషువాళ్లేమో రెంటినీ ఆర్థ్రైటిస్ అనే గోతంలోనే వేసేసి, అరుగుదలకి ముందు ఆస్టియో అని తగిలిస్తారు. కాబట్టి ఆర్త్రోజె వస్తే ఆస్టియో ఆర్థ్రైటిస్ అనే రాయాలి, ఆ ఆస్టియో మింగేస్తే ఇన్సూరెన్స్ ఆఫీసులో చదివేవాడికి అది వేరే జబ్బులా కనబడుతుంది. ఆర్త్రోసిస్ అనే మాట ఇంగ్లీషులో అసలు లేదా అంటే ఉంది, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల జబ్బుల కోడ్ల పుస్తకం ఐసీడీ-10లోనే ఎం15 నుంచి ఎం19 దాకా ఆ పేరుతోనే ఉంటాయి, మామూలు డాక్టర్లు మాత్రం ఆ మాట పెద్దగా రాయరు. ఆ కోడ్లు నాకు దేవుడిచ్చిన వరం. పక్కన ఎం17 అని ఉంటే మోకాలు, ఎం16 ఉంటే తుంటి, ఇక తడుముకోవాల్సిన పని లేదు.

ఇంత నేర్చుకున్నాక ఇంకోచోట "ఆక్టివీర్టె ఆర్త్రోజె" అని వచ్చింది. యాక్టివేటెడ్ అని పెడితే ఇంగ్లీషు డాక్టరు ఇదేందిది, సిమ్ కార్డా అంటాడు. అరిగిన కీలే ఉన్నట్టుండి వాచి, నీరు చేరి, వేడెక్కి తిరగబెట్టడం అది. ఫ్లేర్ అని రాసి, వాపు సంగతి విడిగా చెప్పాలి. రోయ్‌మా అనే మాటా అంతే. అది మన "వాతం" లాంటిది, కీళ్లూ కండరాలూ నొప్పులన్నీ అందులోనే పడతాయి. దాన్ని చూసి రుమటాయిడ్ అని రాసేశామా, లేని జబ్బు అంటగట్టినట్టే.

తమాషా ఏందంటే చాలాసార్లు జర్మన్ మాట నేరుగా తెలుగులో దిగిపోతుంది, ఇంగ్లీషులోకే వెళ్లదు. ఫెర్‌ష్లైస్ అంటే అరుగుదల, మక్కికి మక్కి. త్సీయెండ్ అని ఒక రకం నొప్పి రాస్తారు, లాగడం అని అర్థం. మా అమ్మ "పిక్కలు లాగేస్తన్నాయి" అంటుందే, అదే మాట. ఇంగ్లీషులో మాత్రం పుల్లింగ్ అంటే కండరం పట్టిందనుకుంటారు, ఏకింగ్ అంటే లాగడం పోతుంది. నడుం పట్టేయడాన్ని మాత్రం హెక్సెన్‌షుస్ అంటారు, మంత్రగత్తె వేసిన బాణం! మన పల్లెల్లో చిల్లంగి పెట్టారంటారే అట్టాంటి నమ్మకంలోంచి వచ్చిన మాట. ఇంగ్లీషులో లంబేగో అని చప్పగా రాసి పంపినప్పుడల్లా నాకు కొంచెం బాధే.

అసలు టెన్షన్ అంకెలతో. మోకాలు ఎంత వంగుతుందో జర్మన్లు మూడంకెలతో రాస్తారు, చాపడం ముందు, వంచడం తర్వాత. 10/0/140 అంటే నిటారు దాటి ఇంకో 10 డిగ్రీలు వెనక్కి వెళ్తుంది, 140 దాకా వంగుతుంది, బాగున్న కాలు. 0/10/90 అంటే పూర్తిగా చాపలేడు, 10 డిగ్రీల వంపు దగ్గరే ఆగిపోతుంది, 90 దాటి వంగదు. సున్నా చోటు మారితే మనిషే మారిపోయాడు. అందుకే నేను అంకెలు అట్టాగే దింపి ఊరుకోను, పక్కన వాక్యంగా కూడా రాస్తా.

ఇంకోటి కామా. వాళ్లు 7,5 మిల్లీగ్రాములు అంటే ఏడున్నర. కామా ఎగిరిపోతే 75.

ఈ కామా చూసినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ ఊరి నీళ్లు గుర్తొస్తాయి. పొదిలి పక్క పల్లె. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటుంది డబ్ల్యూహెచ్‌ఓ, జర్మన్ కాగితం మీదైతే అదే 1,5. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద 1937లోనే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం వచ్చింది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పటికి నెల్లూరు జిల్లానే, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. ఈ ఫ్లోరోసిస్ అరుగుదలకి పూర్తిగా ఎదురు జబ్బు, ఎముక గట్టిపడి, కీలు చుట్టూ నరాల్లాంటి కట్లు కూడా ఎముకలాగా అయిపోతాయి. అమ్మమ్మ పక్కకి చూడాలంటే మెడ తిప్పేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. ఊళ్లో అందరూ దాన్నీ వాతమే అన్నారు.

నిన్న సాయంత్రం పాప జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసుకుని అమ్మ మోకాలు కొలిచా. "ఇస్త్రీ చేసినట్టు చాపమంటే ఎట్టారా" అని విసుక్కుంది. ప్లాస్టిక్ కోణమానినితో ఎంత సరిగ్గా వస్తుందో గానీ, నాకు వచ్చింది 0/10/100. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. ఆ అంకెలు చీటీ మీద రాసి, కింద తెలుగులో "మంచం దిగినాక మొదటి నాలుగడుగులు నొప్పి" అని పెట్టా.