కవాతు మైదానం ఎదుట ఆరేళ్లు

నేను ఒక్కనాడూ యూనిఫాం తొడుక్కున్నవాణ్ని కాను. అయినా, కాలేజీ ప్రవేశాల గురించి పిల్లలకూ తల్లిదండ్రులకూ సలహాలిచ్చే ఈ వృత్తిలో నాకు తెలిసిన దానిలో సగానికి పైగా నేర్చుకున్నది అమెరికాలోని ఒక మిలటరీ కాలేజీ అడ్మిషన్స్ కార్యాలయంలోనే. ఆరేళ్లు అక్కడ కౌన్సెలర్‌గా దరఖాస్తులు చదివాను. నా కిటికీకి ఎదురుగానే కవాతు మైదానం ఉండేది కాబట్టి, శుక్రవారం సాయంత్రాలు బ్యాండు మోతలో ఫోనులో అవతలివారి మాట వినబడేది కాదు.

అక్కడ నేను రోజూ చెప్పవలసి వచ్చిన మొదటి మాట, మాది వెస్ట్ పాయింట్ కాదు అన్నదే. 1802లో మొదలైన వెస్ట్ పాయింట్ వంటి, సైన్యానికి అధికారులను తయారుచేసే ప్రభుత్వ సర్వీస్ అకాడమీలలో ట్యూషన్ ఫీజు ఉండదు; చేరాలంటే సాధారణంగా అమెరికా కాంగ్రెస్ సభ్యుడో సెనేటరో నామినేట్ చేయాలి; పట్టా పుచ్చుకున్నాక కనీసం 5 ఏళ్లు సైన్యంలో పనిచేయాలి. 1819లో వెర్మాంట్‌లో మొదలైన నార్విచ్, 1839 నాటి వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్, 1842 నాటి సిటడెల్ వంటివి వేరే కోవకు చెందినవి. వీటిని సీనియర్ మిలటరీ కాలేజీలంటారు. దేశం మొత్తం మీద ఇలాంటివి 6 ఉన్నాయి. వీటిలో ఫీజు కట్టి చదవాలి. క్యాడెట్లకు బ్యారక్సులు, కవాతు, ఆర్‌ఓటీసీ (కాలేజీ చదువుతో పాటే సైనికాధికారిగా తయారుచేసే శిక్షణ) తరగతులు తప్పవు గానీ, చదువయ్యాక సైన్యంలో అధికారిగా చేరడం మాత్రం అందరికీ తప్పనిసరి కాదు. ఈ ఒక్క తేడా తెలియక తప్పుడు చోట దరఖాస్తు పెట్టిన పిల్లలను నేను చాలామందినే చూశాను.

మిగతా కాలేజీలలో అడ్మిషన్స్ వారి పని ఎక్కువగా ఊరించడమే. మా దగ్గర ఊరిస్తే ఆ పాపం ఆగస్టులో బయటపడేది, ఎందుకంటే కరపత్రం మీద కత్తి పట్టి నిలబడ్డ క్యాడెట్ ఫోటో చూసి వచ్చిన కుర్రవాడు, తల గొరిగించుకుని, అరుపుల మధ్య మెట్లు ఎక్కి దిగే మొదటి వారంలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోయేవాడు. అందువల్ల, రిటైరైన సైనికాధికారి అయిన మా డైరెక్టరు, ఊగిసలాడే ప్రతి అభ్యర్థినీ ఒక రాత్రి బ్యారక్సులో ఉండి చూడమనేవారు. తెల్లవారుజామున బ్యూగిల్ మోగాక కళ్లు నులుముకుంటూ నా గదికి వచ్చి, "సారీ సర్, ఇది నా వల్ల కాదు" అని చెప్పి వెళ్లినవారి పేర్లను ఆయన నష్టాల పద్దులో ఏనాడూ రాయలేదు. ఆ లెక్క నాకు వంటబట్టడానికి రెండేళ్లు పట్టింది.

ఒక తెలుగు కుటుంబం సంగతి మాత్రం విడిగా చెప్పాలి. ఆ అబ్బాయికి ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ మీద గట్టి ఆశ ఉండేది. దానికి సైన్యం వారి వైద్య పరీక్ష నెగ్గాలి. 13వ పుట్టినరోజు దాటాక ఉబ్బసం ఉన్నట్లు తేలితే, ప్రత్యేక మినహాయింపు ఇస్తే తప్ప అనర్హత వస్తుంది. మాట్లాడుతుండగా ఆ అబ్బాయి జేబులోంచి ఇన్‌హేలర్ జారి నా బల్ల కింద పడింది. నేను వంగి తీసి ఇచ్చాను. కాసేపటికి వాళ్ల నాన్నగారు గొంతు తగ్గించి, "ఇది ఫారంలో రాయకపోతే ఏమవుతుందండీ?" అని అడిగారు. ఆయన కూర్చున్న కుర్చీ వెనక గోడ మీదే, అబద్ధమాడినా కాపీ కొట్టినా దొంగతనం చేసినా క్యాడెట్ కాలేజీ వదలవలసిందేనన్న హానర్ కోడ్ ఫ్రేము కట్టి ఉంది. నేను దాని వైపు చూపించలేదు, చూపిస్తే ఆయనను కొడుకు ముందు చిన్నబుచ్చినట్లవుతుంది. స్కాలర్‌షిప్ రాకపోయినా ఇక్కడ చదువుకోవచ్చనీ, దాచి చేరితే నాలుగేళ్లూ ఆ ఇన్‌హేలర్‌ను కూడా దాచుకోవలసి వస్తుందనీ మాత్రం చెప్పాను.

అబ్బాయే ఫారం తన వైపు లాక్కుని ఉన్నదున్నట్లు రాశాడు. మినహాయింపు రాలేదు. సొంత ఖర్చుతోనే చేరి, సివిల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాడు, అధికారి మాత్రం కాలేదు. వాళ్ల నాన్నగారు ఎక్కడ కలిసినా ఇప్పటికీ ఆ ఫీజుల లెక్క నాకు అప్పజెబుతూనే ఉంటారు.