జీనుపై పద్నాలుగు ఆదివారాలు

నలభై రెండేళ్ళ వయసులో, జూన్ మొదటి ఆదివారం నాడు, హైదరాబాద్ శివార్లలో, మొయినాబాద్ దగ్గర ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో గుర్రపుస్వారీ నేర్చుకోవడానికి చేరాను. నేటితో పద్నాలుగు తరగతులు పూర్తయ్యాయి. ప్రతి తరగతి ముగిసిన వెంటనే నోటుపుస్తకంలో రాసుకున్న విషయాలను, నాలాగే పెద్ద వయసులో మొదలుపెట్టేవారికి ఉపయోగపడతాయన్న నమ్మకంతో ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

నాకు ఇచ్చిన గుర్రం పేరు మోతీ. ముదురు గోధుమ రంగు, నల్లటి జూలు, పన్నెండేళ్ళ ఆడగుర్రం. ఒకప్పుడు మలక్‌పేట రేసుల్లో పరుగెత్తిన థరోబ్రెడ్, అంటే పందేల కోసం పెంచే జాతి గుర్రం. ఎత్తు పదిహేను చేతుల ఒక అంగుళం. గుర్రం ఎత్తును భుజాల మధ్య, మెడ ముగిసే చోటు వరకే కొలుస్తారు. ఒక చేయి అంటే నాలుగు అంగుళాలు కనుక మోతీ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. దీని పూర్వజీవితం నా చదువులో ఎంత ముఖ్యమో ఏడో వారం దాకా నాకు అర్థం కాలేదు.

మొదటి రెండు ఆదివారాలూ జీను మీద గడిపిన సమయం తక్కువ, గుర్రపుశాలలో గడిపిన సమయం ఎక్కువ. అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న సాయిసును, అంటే గుర్రాలను చూసుకునే ఆయనను, అందరూ చాచా అంటారు. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల సరిగ్గా వెనుక ఉన్నదీ, నుదుటికి బాగా దగ్గరగా ఉన్నదీ దానికి కనిపించవని, అందుకే ఎడమ భుజం వైపు నుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళాలని ఆయన నేర్పారు. డెక్కలో ఇరుక్కున్న మట్టినీ రాళ్ళనూ ఇనుప కొక్కెంతో తీసేటప్పుడు మడమ వైపు నుంచి ముందుకే గీకాలి. అలా చేస్తే డెక్క మధ్యనున్న మెత్తటి త్రికోణపు భాగానికి మొన గుచ్చుకోదు. వానాకాలంలో ఈ పని స్వారీకి ముందూ తరువాతా కూడా తప్పదు.

జీను బిగించడం చూడటానికి తేలికగా ఉంటుంది. పొట్ట కింది పట్టీని లాగగానే మోతీ చెవులు వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి, పక్కటెముకలను ఉబ్బిస్తుంది. "ఇప్పుడు రెండు రంధ్రాలు చాలు సార్, నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగిద్దాం" అన్నారు చాచా. నడిపించాక చూస్తే, అంతకు ముందు ఒక్క వేలు కూడా దూరని చోట అరచేయి దూరింది. ఎక్కే ముందు ఒకసారి, పది నిమిషాల నడక తరువాత మరొకసారి పట్టీ చూసుకోవడం ఆ రోజు నుంచి నాకు అలవాటయింది. స్వారీలో పాదం పెట్టుకునే రికాబు పొడవుకు కూడా ఒక సులువైన కొలత ఉంది: వేళ్ళ కొసలను జీనుకు రికాబు పట్టీ తగిలించిన చోట ఆనిస్తే, రికాబు చంకను తాకాలి.

దుస్తుల విషయంలో రెండే మాటలు. జీన్సు ప్యాంటు లోపలి కుట్టు మోకాలిని ఒరిపిస్తుంది కనుక సాగే గుడ్డతో కుట్టిన ప్యాంటు మేలు. పాదం రికాబులోంచి ముందుకు జారిపోకుండా చిన్న మడమ ఉన్న బూటు తప్పనిసరి.

నడక మూడు వారాల్లోనే కుదిరింది. అసలు కష్టం ట్రాట్‌తో, అంటే నడక కన్నా వేగమైన దుడుకు నడకతో, మొదలైంది. నడకలో నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటి నేలను తాకుతాయి. ట్రాట్‌లో మాత్రం ముందు ఎడమకాలూ వెనుక కుడికాలూ ఒక జంటగా, తక్కిన రెండూ మరో జంటగా పడటం వల్ల, రెండు దెబ్బల తాళం నేరుగా నడుముకు తగులుతుంది. ఆ తాళానికి ఒక దెబ్బకు లేచి, మరో దెబ్బకు కూర్చోవాలి. నేను పాదాలతో తన్నిపెట్టి లేవడానికి ప్రయత్నించి, లేచిన ప్రతిసారీ పగ్గాలు పట్టుకుని నిలదొక్కుకునేవాడిని.

ఆరో ఆదివారం నుంచి మోతీ ట్రాట్‌లో వేగం పెంచుకుంటూ పోయింది. ఆపుదామని నేను లాగాను, అది ఇంకా వేగంగా వెళ్ళింది. ఏడో ఆదివారం మలుపులో అదుపు తప్పి కుడి భుజం మీద పడ్డాను. ఎముకలు విరగలేదు కానీ హెల్మెట్ నేలకు గట్టిగా తగిలింది. పైకి గీత కూడా లేకపోయినా దాన్ని మళ్ళీ వాడలేదు, ఎందుకంటే దెబ్బను తీసుకునే లోపలి థర్మాకోల్ లాంటి పొర ఒకసారి నొక్కుకుపోతే రెండోసారి కాపాడదు.

కారణాన్ని శిక్షకుడు ఆ సాయంత్రమే వివరించారు. రేసుగుర్రాలు నోటిలోని కళ్ళెం మీద ఆనుకుని పరుగెత్తడానికి అలవాటు పడతాయి. పగ్గాలు బిగిస్తే ఆ ఆనిక దానికి దొరికినట్టే. నేను ఆపమంటున్నాననుకున్న ప్రతి లాగుడూ మోతీకి పరుగెత్తమన్న మాటగా వినిపించింది. తప్పు పూర్తిగా నా చేతులదేనని తెలిసిన తరువాత, ఇంతకాలం దాని నోటికి ఎంత నొప్పి కలిగించానోనన్న బాధ నన్ను చాలా రోజులు వదలలేదు.

తరువాతి ఆరు ఆదివారాలు నాకు పగ్గాలే ఇవ్వలేదు. శిక్షకుడు మైదానం మధ్యలో నిలబడి పొడవైన తాడుతో మోతీని చుట్టూ తిప్పుతుంటే, నేను చేతులు రెండు పక్కలకు చాచి ట్రాట్ చేశాను. చాచా గట్టు మీద నుంచి "ఏడీ నీచే, నజర్ సామ్‌నే" అని అరుస్తూనే ఉన్నారు. మడమ కిందికి, చూపు ముందుకు అన్న ఆ రెండు మాటలూ పాటిస్తే చెవి, భుజం, నడుము, మడమ ఒకే గీతలోకి వస్తాయి. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు తొడలూ నడుమూ తమ పని తాము నేర్చుకున్నాయి. పదో ఆదివారం నేను లేవలేదు. గుర్రం వీపే నన్ను లేపింది.

పదకొండు, పన్నెండు వారాలు వలయంలో ఏ కాలికి లేవాలన్న దానికే సరిపోయాయి. బయటి వైపు ముందుభుజం ముందుకు కదిలినప్పుడు లేవాలి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోవాలి. తప్పితే రెండు దెబ్బలు వరుసగా కూర్చుని సరిచేసుకోవచ్చు. మొదట కిందికి చూసి తెలుసుకునేవాడిని, ఇప్పుడు పదిలో ఆరేడు సార్లు చూడకుండానే తెలుస్తోంది.

ఈ ఉదయం పగ్గాలు మళ్ళీ చేతికి వచ్చాయి. మైదానాన్ని ఎనిమిది చుట్లు ట్రాట్‌లో తిరిగాక, వేళ్ళు వదులు చేసి, జీనులో బరువుగా కూర్చుని, ఊపిరిని నెమ్మదిగా బయటికి వదిలాను. మోతీ ఎడమ చెవి నా వైపు తిరిగింది. రెండడుగుల తరువాత నడకలోకి దిగి, మెడ చాచి, ముక్కుతో ఒక్కసారి బుసకొట్టింది. చాచా వచ్చి పట్టీ ఒక రంధ్రం వదులు చేశారు.